చెల్లె సైకిల్ వెనక ఉరికిన ఎండాకాలం

నా చిన్నప్పుడు మా ఇంట్లో సైకిల్ ఒక్కటే, దాని మీద కన్నేసిన వాళ్ళం మాత్రం ఇద్దరం. ఒకదాన్ని నేను, ఇంకొకతి మా చెల్లె. ఆ సైకిల్ మా బాపుది. కాటేదాన్‌లో రేకుల కార్ఖానాకు ఆయన దాని మీదే పోయేవాడు. పెద్దరోడ్డు మీద లారీలు ఎక్కువైనాక అమ్మ పోరు పడలేక బస్సుకు మారాడు. సైకిల్ మాకు మిగిలింది. మా వాడకట్టు నుంచి శంషాబాద్ పెద్దబడి చాలా దూరం. నేను అప్పటికే ఆ బడికి పోతున్నాను, ఎండాకాలం సెలవులు దాటితే చెల్లె కూడా అక్కడికే వస్తుంది. బాపు ఒకటే మాట చెప్పాడు. ఒకరు తొక్కాలి, ఇంకొకరు వెనక క్యారియర్ మీద కూర్చోవాలి. ఎవరు తొక్కుతారో బడి తెరిచేనాటికి చూస్తానన్నాడు.

తొక్కేది నేనేనని నాకు అనుమానమే లేదు. పెద్దదాన్ని కదా! పైగా అది మగవాళ్ళ పెద్ద సైకిల్ అయినా సీటు మీద కూర్చుని, నడుము అటూ ఇటూ ఊపుకుంటూ పెడలు అందుకోవడం నాకు అప్పటికే వచ్చు. చెల్లెకు కైంచీ కూడా రాదు. కైంచీ అంటే నడిమి కడ్డీ కింది నుంచి కాలు అవతలికి దూర్చి, ఒంటిని ఒక పక్కకు వంచి తొక్కడం. మా దగ్గర పిల్లలందరూ మొదలు నేర్చుకునేది అట్లాగే. అది కూడా రానిదాన్ని చూసి ఎవరైనా ఎందుకు భయపడతారు? నేను దాన్ని వెనక కూర్చోబెట్టుకుని బడి గేటు ముందు గంట కొడుతూ దిగుతున్నట్టు రోజూ ఊహించుకునేదాన్ని.

క్రిస్మస్ పోయిన కొన్నాళ్ళకు నా గర్వం దిగిపోయింది. రోడ్డుకు వేయడానికి కంకర కుప్పలు పోసిన దిగుడులో బ్రేకు పట్టలేదు. సైకిల్ ఒక దిక్కు, నేను ఒక దిక్కు. మోకాలి కింద ఎముక విరిగింది. దవాఖానలో సిమెంట్ పట్టీ వేశారు. పరీక్షలకు బాపు నన్ను ఎత్తుకొనిపోయి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ నులకమంచం మీదే.

మంచం మీద పడుకుంటే నొప్పి కన్నా నన్ను ఎక్కువ తిన్నది సైకిల్ గంట. సాయంత్రం కాగానే బయట ట్రింగ్‌మని వినపడేది, ఆ తర్వాత అది దూరమైపోయేది. మా తాత ద్రాక్షతోటకు కావలి ఉండేవాడు, చెల్లె సైకిల్ నడిపించుకుంటూ ఆయన వెంట పోయేది. నా సైకిల్! నేను లేవలేని టైము చూసుకొని నా సైకిల్! వచ్చాక దాని మోచేతులు చూసేదాన్ని. గీసుకుపోయి ఉంటే ఆ రాత్రి అన్నం మంచిగా తినబుద్ధయ్యేది. ఆదివారం ప్రార్థనకు నన్ను మోసుకొనిపోయినప్పుడు అందరూ నా కాలు కోసం ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు గట్టిగా మూసుకొని, ప్రభువా, దానికి సైకిల్ రానియ్యకు అని మొక్కుకున్నాను. అంత కుళ్ళు నాది.

పట్టీ విప్పాక చూస్తే కాలు ములక్కాడలా ఉంది. రోజూ నడవాలి, నడిస్తేనే బలం వస్తుందని డాక్టరు చెప్పాడు. నేను నడవలేదు. అడుగు వేస్తే నొప్పి, కుంటుతుంటే వాడకట్టు ఆడవాళ్ళ 'అయ్యో బిడ్డా'లు. అమ్మ బతిమాలింది, బాపు కోప్పడ్డాడు, పాలు గుడ్లు అన్నీ నాకే పెట్టారు. తిన్నాను, అరుగు మీదికి పోయి కూర్చున్నాను. ఇట్లా అయితే జీవితమంతా చెల్లె వెనక మూటలాగా కూర్చునుడే అని ఏడ్చుకున్నాను తప్ప లేచి నాలుగు అడుగులు వేయలేదు.

పండ్లు కోసేశాక తోటలో పని తగ్గింది. ఒక పొద్దు తాత వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, నీ చెల్లెకు ఇంకా సైకిల్ వస్తలేదు. పడుతనే ఉన్నది. నా మోకాళ్ళు ఉరకనిస్తలేవు. జర నువ్వు వెనక పట్టుకోరాదు?" అన్నాడు.

"నా కాలు కనపడ్తలేదా తాతా?" అని కస్సుమన్నాను.

"సరే తియ్యి, ఇంకెవర్నన్న పిలుస్త. కాని ఒకటి యాదికుంచుకో. వెనక పట్టుకున్నోళ్ళు చెయ్యి ఇడిస్తేనే తొక్కేటోళ్ళకు వచ్చినట్టు. మన వాడకట్టుల గదే లెక్క."

ఆ లెక్క నాకూ తెలుసు. సైకిల్ నేర్చుకునే ప్రతి పిల్లకూ తెలుసు. వెనక పట్టుకున్నవాళ్ళు "వచ్చింది పో" అని చెయ్యి వదిలేదాకా ఎంత బాగా తొక్కినా వచ్చినట్టు కాదు. తాత లేచి రెండడుగులు వేశాడో లేదో నా బుర్రలో దీపం వెలిగింది. ఇంకెవరో పట్టుకుంటే వాళ్ళు వారానికే వదిలేస్తారు. నేను పట్టుకుంటే? నేనెందుకు వదులుతాను? నేను వదలనంత కాలం దానికి సైకిల్ రానట్టే. గోడ పట్టుకొని లేచి, తాతా ఆగు, వస్తున్న అన్నాను.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం తోట బాటలో మా ఊరేగింపు. ముందు చెల్లె కైంచీలో వంకర టింకరగా, వెనక నేను క్యారియర్ పట్టుకొని కుంటుకుంటూ. మొదట్లో కొద్ది దూరానికే కాలు పీకి కూలబడేదాన్ని. అయినా మరునాడు అందరికంటే ముందు తయారు. చెల్లె కొంచెం వేగం పెంచితే నేనూ పెంచాలి, లేకపోతే క్యారియర్ చేతిలోంచి జారిపోతుంది, జారితే అది గెలిచినట్టు. తోట గేటు దాకా పోయేవాళ్ళం, తర్వాత మోటారు గది దాకా, ఆ తర్వాత తాత ఇంకా ముందుకు పొమ్మన్నాడు. పళ్ళు బిగబట్టి ఉరికాను. మా చెల్లె మాత్రం ఎక్కడ బాట నునుపుగా ఉంటే అక్కడే పడబోయేది. "మొద్దు మొఖమా, హ్యాండిల్ సక్కగ పట్టు!" అని తిట్టేదాన్ని. అది మళ్ళీ కైంచీలో కాలు దూర్చేది. పైకి తిట్టినా లోపల నాకు పండగ. నా మొక్కు ప్రభువు విన్నాడనే అనుకున్నాను.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ గడప దగ్గర నన్ను ఆపి, కుంటుడు పోయింది కదా బిడ్డా అని నవ్వింది. అవునా అన్నాను. నా ధ్యాస అప్పుడు కాలు మీద లేదు. చెల్లె ఆ పొద్దున అమ్మతో, బడి తెరిచేదాకా ఇంకా ఎన్నాళ్ళుందని అడగడం విన్నాను. దానికెందుకు ఆ తొందర అని నాకు ఒకటే మంట.

బడి తెరిచే ముందు మొదటి వాన పడింది. బాట జిగటగా ఉంది. అయినా పోయాం. వెనక ఉరుకుతూ ఉరుకుతూ నేను జారి బోర్లా పడ్డాను. క్యారియర్ చేతిలోంచి పోయింది. సైకిల్ నేను లేకుండా ముందుకు పోతోంది. ఇగ పడ్డది అనుకున్నాను. భయమూ ఉంది, సంబురమూ ఉంది, రెండూ నిజమే. అది పడలేదు. నా కేక విని వెనక్కి చూసింది. కైంచీలోంచి కాలు బయటికి తీసి, కడ్డీ మీదుగా ఒక్క ఊపులో సీటెక్కింది. అంత ఇరుకు బాటలో, బురదలో, అడ్డమొచ్చిన బర్రెను తప్పించి గుండ్రంగా తిప్పుకొని నా దగ్గరికి వచ్చి దూకింది. సైకిల్ కింద పడేసి నా కాలు పట్టుకుంది. "అక్కా, గదే కాలా? నొస్తున్నదా?" అని ఏడుస్తోంది.

నేను కాలు చూడలేదు, దాని మొఖమే చూశాను. "నీకు ఎప్పటి సంది వస్తది?" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది దానికి. ముక్కు తుడుచుకొని నేల చూస్తూ, "నీకు పట్టీ ఉన్నప్పటి సంది. తాత నీకు చెప్పొద్దన్నడు," అంది.

నా ఒళ్ళు భగ్గుమంది. వచ్చి కూడా రానట్టు! నాకన్నా మంచిగా వచ్చి! నేనింకా బర్రె అడ్డమొస్తే దిగేదాన్ని, అదేమో చుట్టూ తిప్పుకొస్తుందా? దాన్నీ సైకిల్‌నూ అక్కడే వదిలేసి, తాత సంగతేందో చూద్దామని బురద కాళ్ళతో ఇంటికి ఉరికాను. తాత అరుగు మీద చుట్ట తాగుతున్నాడు. రొప్పుతూ ఎదురుగా నిలబడి, గింత మోసం చేస్తవా తాతా అని అరిచాను. ఆయన నా మొఖం చూడలేదు. నా కాళ్ళు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"తోట కాడికెల్లి ఉరికే వచ్చినవా?"

నేనూ వంగి నా కాళ్ళు చూసుకున్నాను. నిజమే, ఎక్కడా ఆగలేదు. తాత చుట్ట పక్కన పెట్టి, "నడువుమంటే నడవకపోతివి. చెల్లె మీద నీకు కుళ్ళున్నదని ఇంట్ల అందరికి ఎరుకే. గంత కుళ్ళు ఊకెనే దండుగ పోతుంటే పానం ఒప్పలేదు బిడ్డా, నీ కాలుకు పని చెప్పిన," అన్నాడు. అమ్మ లోపలి నుంచి కిసుక్కుమంది. చెల్లెకు రోజుకొక ఉస్మానియా బిస్కెట్ ముట్టేదట, వేషం వేసినందుకు. అది కూడా నాకు చెప్పకుండా తిన్నదే!

ఆ రాత్రి దానితో మాట్లాడలేదు. తెల్లారి అదే సైకిల్ తుడిచి తెచ్చి నా ముందు నిలబెట్టి, ఎక్కక్కా, నేను పట్టుకుంట అంది. కాలికి బలం వచ్చింది కానీ సైకిల్ మీద చెయ్యి వేయగానే కంకర కుప్ప కళ్ళ ముందు నిలబడింది. సీటెక్కడం వచ్చినదాన్ని, సిగ్గు లేకుండా మళ్ళీ కైంచీ నుంచి మొదలుపెట్టాను. ఇడువకే అంటే ఇడువ అక్కా అంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కైంచీ దాటి సీటు మీదికి వచ్చాక మాటిమాటికీ పట్టుకున్నవా అని అడిగేదాన్ని, పట్టుకున్న అని వెనక నుంచి వచ్చేది. ఒకసారి ఆ మాట ఎందుకో చిన్నగా వినిపించింది. మోటారు గది దగ్గర కాలు ఆనించి తిరిగి చూశాను. అది గేటు దగ్గరే ఉంది. రెండు చేతులూ పైకెత్తి, "వచ్చింది పో!" అని గొంతు చించుకొని అరుస్తోంది.

మా లెక్క ప్రకారం నాకు వచ్చినట్టే, ఇద్దరికీ వస్తే పెద్దదాన్ని కాబట్టి సైకిల్ ఆ గడియలో నాదైంది. అది చెయ్యి వదలకుండా ఇంకొన్నాళ్ళు పట్టుకొని ఉంటే బడి తెరిచేది, హ్యాండిల్ దానికే వచ్చేది. ఆ సంగతి దానికి తెలియదా? నా చెల్లె కదా, తెలుసు. బడి తెరిచిన రోజు నేను తొక్కాను, అది వెనక కూర్చుని దారి పొడుగునా నా బ్రేకులకు వంకలు పెట్టింది.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. చెల్లె బాలాపూర్‌లో ఉంటుంది, ఇల్లు కట్టుకుంది, పిల్లలు బాగా చదువుతున్నారు. ఫోన్ చేసి ఏదో మంచి కబురు చెబుతుంది. సంతోషపడతాను, ఫోన్ పెట్టేశాక లోపల ఎక్కడో చిన్న మంట కూడా లేస్తుంది. ఏం దాచను? అట్లాంటి రోజు చెప్పులేసుకొని బయటపడి మంట ఆరేదాకా నడిచి వస్తాను. మోకాళ్ళకు మంచిదే. కానీ దాని ఇల్లు చూసి పుట్టే కుళ్ళు నడిస్తే పోతుంది, ఇంకొకటుంది, అదే పోదు. నేను ఎండాకాలమంతా బిగబట్టి పట్టుకున్న క్యారియర్‌ని, అది అంత నవ్వుకుంటూ ఎట్లా వదిలేసిందోనని.