వాము డబ్బా ఊరేగింపు

మా బావ సుధాకర్ రావు మనుషులను ముఖం చూసి పలకరించేవాడు కాదు, కడుపు చూసి పలకరించేవాడు. మనం "నమస్తే" అంటే, చూపు చొక్కా గుండీల దగ్గరే ఆపి, "ఉబ్బినట్టున్నదే?" అనేవాడు. లోకంలో సగం కొట్లాటలు కడుపుబ్బరం వల్ల, మిగతా సగం దాన్ని ఒప్పుకోకపోవడం వల్ల వస్తాయని ఆయన సిద్ధాంతం.

కోరుట్లలో ఆయనకు ఎరువుల దుకాణం ఉండేది. వరికి తెగులు పట్టిందని రైతు ఆకు పట్టుకొస్తే, ఆకు పక్కన పెట్టి రైతును పట్టుకునేవాడు.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉడకవెట్టిన శనగ గుడాలు సార్."

"నమిలినవా, మింగినవా?"

"బస్సు పోతదని జర జల్ది..."

"మింగినవ్. గుడాలతోటి గాలి సుత మింగినవ్. గా గాలి ఎటు పోవాలె మరి?"

జేబులోంచి వాము డబ్బా తీసి, చిటికెడు నమిలించి, గోరువెచ్చని నీళ్లు తాగించి, దుకాణం ముందు కాసేపు తిప్పేవాడు. వరి తెగులు సంగతి ఆ తర్వాతే. నిజంగా నొప్పి ఉందన్నవాణ్ని మాత్రం వాముతో సరిపెట్టేవాడు కాదు. తన బండి మీదే జగిత్యాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు. దారి పొడుగునా ఉపన్యాసం ఉచితం.

ఇంట్లో మా అక్క సుమతికి శనగపప్పు వండితే ఒక ఉపన్యాసం, సోడా తాగితే ఇంకొకటి, తినగానే నడుం వాలిస్తే అన్నిటికన్నా పెద్దది. "పెండ్లిసూపులల్ల గూడ నా ముఖం సూల్లేదురా," అనేది నాతో. "'తిన్నంక నడుస్తవా?' అని అడిగిండు. గదే ముచ్చట."

పక్కింటి జలపతి మస్కట్‌లో ఏళ్లపాటు కష్టపడి వచ్చి, కూతురు మనీషా పెళ్లి పెట్టుకున్నాడు. రెండు బస్సుల్లో వస్తామన్న మగపెళ్లివారు సిరిసిల్ల నుంచి నాలుగు బస్సుల్లో దిగారు. మొదటి బంతి సగంలో ఉండగానే జలపతి నన్నూ బావనూ వంటల దగ్గరికి లాక్కెళ్లాడు. నిలువెల్లా చెమట.

"సార్, మటన్ గంజు అడుగు కనవడ్తున్నది. మా వియ్యంకుడు మొగిలయ్య మల్ల వెయ్యమంటడు. లేదంటే నా ఇజ్జత్ వోతది. నా బిడ్డ గా ఇంట్ల జిందగీ అంత మాట వడాలె."

బావ ఆయన కడుపు వైపు చూశాడు. "నువ్వు పొద్దటిసంది ఏం తినలే," అన్నాడు. తర్వాత వంటాయన చెవిలో ఏదో చెప్పి, వాము డబ్బా తీసుకుని బంతి వైపు నడిచాడు.

"గిప్పుడు గూడ వామేనా బావా?" అని చొక్కా పట్టుకున్నాను. విదిలించుకున్నాడు.

వడ్డించేవాణ్ని పిలవడానికి మొగిలయ్య అప్పుడే ఎడమచెయ్యి ఎత్తాడు. బావ ఆ చెయ్యి పట్టుకుని అందులో వాము పోశాడు.

"గిదేంది రావుసాబ్?"

"నమలకుంట మింగుతున్నవ్ మొగిలన్నా. నేను ఆడికెల్లి సూస్తున్న." అంటూనే వంగి, ఆయన కడుపు మీద రెండు వేళ్లతో కొట్టాడు. "ఇన్నరా? డప్పు!"

బంతి అంతా ఘొల్లుమంది. మొగిలయ్య ముఖం ఎర్రబడింది. సంబంధం ఇక్కడితో సరి అనుకున్నాను.

ఆయన లేచి నిలబడి, బావ కడుపు మీద తిరిగి ఒకటి వేశాడు. "నాది డప్పయితే మీది ఏంది?"

"నాది సుత డప్పే. గందుకే ఒక్క సుట్టు నడుద్దాం పా. గాలి వోతది, జాగ అయితది. మల్ల కూసోని కొత్తగ తిందాం."

జాగ అవుతుందన్న మాట మొగిలయ్యకు బాగా నచ్చింది. కదిలాడు. ఆయన కదిలితే బలగం కూర్చుంటుందా? బయట ఖాళీగా ఉన్న బ్యాండువాళ్లు, ఇదేదో ఊరేగింపనుకుని వాయించడం మొదలుపెట్టారు. ఫంక్షన్ హాల్ చుట్టూ ముందు వాము డబ్బా ఎత్తి పట్టుకుని బావ, పక్కన కడుపు నిమురుకుంటూ మొగిలయ్య, వెనక నాలుగు బస్సుల జనం. కొంతసేపటికి పెళ్లికొడుకు కూడా వచ్చి కలిశాడు. ఎవరైనా గట్టిగా తేన్చితే చప్పట్లు.

అందరికీ కాళ్లు పీకుతున్నాయనగా వంటాయన గుమ్మంలోకి వచ్చి గంటె ఊపాడు. బావ పేరు చెప్పి తెప్పించిన కోళ్లు అప్పటికి గంజులో ఉడికిపోయాయి. కొత్త విస్తర్లు వేశారు. మొగిలయ్య అడిగి అడిగి వేయించుకున్నాడు.

"మటన్ మీద మల్ల కోడి! ఏం మర్యాద వియ్యంకా!"

జలపతి తల ఊపుతూ ఆయన విస్తట్లో ఇంకో ముక్క వేయించాడు.

"కోళ్ల ముచ్చట ఎవ్వలకు చెప్పకు బామ్మర్దీ," అన్నాడు బావ నాతో.

"చెప్తే ఏమైతది?"

"వాము మీద నమ్మకం వోతది."

నిరుడు బావ పోయాడు. దినాల నాడు మొగిలయ్య సిరిసిల్ల నుంచి వచ్చాడు. భోంచేసి, ఎవరూ చెప్పకుండానే లేచి ఇంటి చుట్టూ నడవసాగాడు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ల వెనక బంతి మొత్తం. కిటికీలోంచి చూసి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. "గా తెల్లంగి ఆయన నమలనే లేదురా. మీ బావుంటే వట్టుకునేటోడు."

గేటు దగ్గర జలపతి వాము పంచుతున్నాడు. డబ్బా బావదే. నేనూ చెయ్యి చాచాను. జలపతి నా ముఖం చూడలేదు, కడుపు వైపు చూశాడు. డబ్బా మూత పెట్టేశాడు.

"మీరు పొద్దటిసంది ఏం తినలే సార్. ముందుగాల తినుండ్రి. నడుసుడు తర్వాత."