నెగటివ్‌లో లేని చుక్కలు

మా తమ్ముడు మొన్న సోమవారం తెల్లవారుజామున దవాఖానలో పోయాడు. అబిడ్స్‌లో ఫొటోలు తీయించుకున్న పాతవాళ్లకు అతని పేరు తెలియదు. స్టూడియో వెనక గదిలో, అద్దం కింద దీపం పెట్టుకుని, నెగటివ్‌లు దిద్దేవాడు. సన్నటి పెన్సిలుతో ముడతలు మాపేవాడు. నల్లమరక ఉంటే బ్లేడు మొనతో గీకేవాడు. "మనిషిని మార్చొద్దక్కా. జర నిద్రపోయి లేచినట్టు చెయ్యాలె, గంతే" అనేవాడు. నా పడుచునాటి ఫొటో ఇప్పటికీ బాగుందంటే ఆ చేతి చలవే.

చక్కెర జబ్బు అతనికి చిన్న వయసులోనే వచ్చింది. చాయ్ మానమని నేను కోప్పడితే, "దేవునికి పెట్టిన బెల్లం రోజూ నా చేతిల ఎవరు పెడ్తున్నరక్కా? చెప్పు జర" అని నవ్వేవాడు.

ఒకసారి పెళ్లి నెగటివ్ దిద్దుతుంటే పెళ్లికూతురి చెంప మీద నల్లచుక్కలు కనిపించాయట. గీకాడు. పోలేదు. ఇంకా గీకాడు. యజమాని వచ్చి చూసేసరికి చెంప దగ్గర పొర ఊడి, కింద దీపం కనిపిస్తోంది.

"చుక్కలు ఏడున్నయ్ భాయ్?" అని ఆయన అడిగాడట. తమ్ముడు తలెత్తి చూస్తే గోడ మీద కూడా అవే చుక్కలు.

నాంపల్లి నుంచి రిక్షాలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరుగారు ఓపికగా చెప్పారు. కంటి వెనక పొరలో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలుంటాయట. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువైతే, వాటి గోడలను పట్టి ఉంచే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట. గోడలు ఉబ్బి, కారి, రక్తం కంటిలోకి దిగుతుందట. అతను గీకాలని చూసింది ఆ రక్తాన్నే.

"పోయిన కణాలు మళ్ల వస్తయా సార్?" అని తమ్ముడు అడిగాడు.

రావన్నారు. ఉన్నవాటిని కాపాడుకోమన్నారు.

బయటికొచ్చాక, "గీకిన ఫిలిం గూడ గిట్లనే అక్కా" అన్నాడు.

చాయ్ మానేశాడు. నేను బెల్లం పెట్టడం మానేశాను. సూదిమందు ఏ రోజూ తప్పలేదు. నేను దేవుడి ముందు కూర్చునేదాన్ని. నా చేతనైంది అదే. అయినా చూపు నడుమ నుంచి పోతూ వచ్చింది, అంచున కొద్దిగా మిగిలింది. ఎవరినైనా చూడాలంటే ముఖం పక్కకు తిప్పి, కంటికొసతో చూసేవాడు. ఆ తరువాత మూత్రపిండాలూ చెడిపోయాయి.

ఆదివారం సాయంత్రం దవాఖానలో అతని మంచం పక్కన కూర్చుని జపం చేసుకుంటున్నాను. తమ్ముడు ముఖం గోడవైపు తిప్పాడు. నర్సుకు మనసు చివుక్కుమన్నట్టుంది.

"పొద్దటి సంది కూసున్నరు. మీ దిక్కు చూస్తనే లేడేందమ్మా?" అంది.

కిటికీలోని ఎండ నా ముఖం మీద పడేటట్టు కొంచెం జరిగి కూర్చున్నాను. గోడవైపు తిరిగి, తమ్ముడు నన్నే చూస్తున్నాడు.