ఎక్కడ పువ్వు వెయ్యకూడదో

నిన్న పొద్దున్న తణుకు బస్టాండులో టీ తాగుతుంటే ఎస్సెమ్మెస్ వచ్చింది.

"మిక్సింగ్ బాబ్జీ నో మోర్."

గ్లాసు అక్కడే పెట్టేసి రాజమండ్రి బస్సెక్కాను. మొన్న సాయంత్రమే ఫోన్లో తిట్టాడు, "రాజమండ్రి దారి మర్చిపోయావేంట్రా" అని. గుండెపోటంట. హాస్పిటల్‌కి తీసుకెళ్లే టైం కూడా ఇవ్వలేదు.

ఆ మెసేజ్ పంపింది మా పాత స్టూడియో ఓనరు. రాత్రికి ఇక్కడ పోస్ట్ కూడా పెట్టాడు. "మా కుటుంబ సభ్యుడిని కోల్పోయాం" అని. చదివితే ఒళ్లు మండింది. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్లకి చెబుతున్నా. అప్పట్లో నేను తణుకులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడిని. షాట్లు కోసి, వరస పెట్టి, ఆ క్యాసెట్ పట్టుకుని బస్సెక్కి రాజమండ్రిలో బాబ్జీ అన్నయ్య రూముకి వెళ్లేవాడిని. టైటిల్స్, కలర్, పాటలు, గ్రాఫిక్స్ అన్నీ కలిపే మిక్సింగ్ పని ఆయనదే. ఆయన చెయ్యి పడ్డాకే అది పెళ్లి వీడియో అయ్యేది.

అది గులాబీల కాలం. పెళ్లికొడుకు నవ్వితే తెర మీద గులాబీ గ్రాఫిక్, కాఫీ తాగినా గులాబీ. అందరూ అడిగేవారు, ఆయన వేసేవాడు. కానీ క్యాసెట్ చేతికివ్వగానే ఆయన మొదటి మాట ఒక్కటే.

"ఎక్కడ పువ్వు వెయ్యకూడదో ముందు చెప్పు."

ఒకసారి ఒక పెళ్లికొడుకు మేనమామ స్టూడియోకి వచ్చాడు. తలంబ్రాల షాట్లో పెళ్లికూతురి వెనక ఆమె మేనత్త నిలబడి ఉంది. తల్లి పోతే ఆ పిల్లని పెంచింది ఆవిడే. భర్త లేడు.

"శుభమా అని పెళ్లి వీడియో చూసుకుంటుంటే మధ్యలో ఈవిడ మొహం ఏంటండి? అడ్డంగా ఏదో ఒకటి వేయించండి" అన్నాడా పెద్దమనిషి.

"దాందేముందండి, పువ్వు వేయించేద్దాం" అన్నాడు మా ఓనరు. అంత తేలిగ్గా.

ఆ మాట మోసుకెళ్లి అన్నయ్యకి చెప్పాను. ఆయన ఆ షాట్ మళ్లీ మళ్లీ చూశాడు. బయటికెళ్లి కిళ్లీ ఉమ్మేసి వచ్చాడు.

"పెంచడానికి పనికొచ్చింది. చూడ్డానికి పనికిరాదా?"

పువ్వు వేశాడు. మేనమామ మొహం మీద. ఆయన కనిపించిన ప్రతి షాట్లోనూ ఎర్ర గులాబీయే. మేనత్త మాత్రం కళ్లు తుడుచుకుంటూ, నిండుగా కనపడింది.

చుట్టాలందరినీ కూర్చోబెట్టుకుని చూశారంట. మేనమామ వచ్చి నానా యాగీ చేశాడు. ఓనరు ఆ రోజు నుంచి అన్నయ్యకి పని ఆపేశాడు. "వాడికి తిక్క, వాడికివ్వకండి" అని మిగతా స్టూడియోలకీ చెప్పాడు. ఆ సీజనంతా వదిన కుట్టుమిషన్ తొక్కి ఇల్లు నడిపింది.

"నేనైనా ఆ పువ్వు అక్కడే వేసేదాన్ని" అనేది వదిన.

ఇప్పుడు ఆ ఓనరుకి ఆయన కుటుంబ సభ్యుడు. ఛీ.

అసలు అసహ్యం ఇంకా చెప్పలేదు.

నిన్న అన్నయ్య ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. వదిన పుట్టింటివాళ్లు వచ్చారు. వచ్చే నెలలో ఆవిడ అన్నగారి అమ్మాయి పెళ్లి. ఆ పిల్ల వదిన దగ్గరే ఉండి, వదిన చేతి అన్నం తిని డిగ్రీ చదివింది. వాళ్లలో ఒక పెద్దావిడ వదిన పక్కన చేరి మెల్లగా అంది.

"పెళ్లికి రావద్దనట్లేదమ్మా. స్టేజీ ఎక్కకు, అంతే. వీడియోలో పడితే బాగోదు."

మనిషి ఇంకా ఇల్లు దాటలేదండి. వదిన తల ఎత్తకుండా సరేనంది.

ఆ పెళ్లి వీడియో షూటింగూ ఎడిటింగూ నాకే ఒప్పజెప్పారు. ఫినిషింగ్ అన్నయ్యకి ఇద్దామనుకున్నాం. ఇప్పుడు అదీ నేనే చేస్తాను. తలంబ్రాలప్పుడు వదిన నీ పక్కన లేకపోతే కెమెరా ఆన్ చెయ్యనని ఆ పిల్లకి నిన్ననే చెప్పేశాను.

"అత్తయ్య లేకపోతే నేనూ ఎక్కనండి" అంది.

అన్నయ్యా, ఈసారి క్యాసెట్ పట్టుకుని నీ దగ్గరికి రాలేను.

నిశ్చింతగా పడుకో. ఎక్కడ పువ్వు వెయ్యకూడదో నాకు తెలుసు.