కండక్టరు గొంతుతో అక్షరాలు

మా మామగారు బస్సు కండక్టరుగా రిటైరయ్యారు కానీ, ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉండేది. మంచినీళ్లు అడిగినా పక్కింటివాళ్లు ఉలిక్కిపడాల్సిందే. సాయంత్రమైతే ముందుగదిలో చాప పరిచి, చదువురాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవారు. నేను లోపల తలుపేసుకుని కూర్చున్నా లాభం ఉండేది కాదు.

ఆయన పద్ధతే వేరు. మాటలో ప్రతి ముక్కా ఒక స్టాపు. "స్టాపు రాకుండా దూకితే కాళ్లు విరుగుతాయి! ఒక్కోటే దిగండి!" అనేవారు. దీర్ఘం వచ్చిందంటే బస్సు మెట్ల మీద నిలబడి ఊరిపేరు కేకేసినట్టు సాగదీయాలి. "పా...వు...రా...యి" అని అందరూ అరుస్తుంటే మా ఇంటికప్పు ఎగిరిపోతుందేమో అనిపించేది.

వాళ్లలో ఒక ఆయా ఉండేది. ఆసుపత్రిలో నేల తుడిచే పని ఆమెది. ఆ పని మెషిన్లకు ఇచ్చేస్తున్నారు. మంచాలకు తగిలించిన అట్టల మీద రోగుల పేర్లు చదవగలిగితే వార్డులోకి తీసుకుంటామన్నారు, లేకపోతే ఇంటికే. ఆమె జీతం మీదే ఆమె తల్లీ, కూతురూ బతుకుతున్నారు.

పరీక్ష రోజున ఆమె నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చదివింది. గొంతెత్తి, దీర్ఘాలన్నీ సాగదీసి. నిద్రపోతున్న రోగులు లేచి కూర్చున్నారట. హెడ్‌నర్సు ఆమెను బయటికి పంపేసి, వచ్చేవారం ఇంకొక్కసారి చూస్తానంది.

"మనసులో చదువుకోమన్నారు అన్నయ్యా. నోరు మూస్తే నాకు ఒక్క అక్షరమూ తెలియట్లేదు," అంటూ ఆమె మా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. "చూశారా మామయ్యా, మీ కేకల ఘనకార్యం?" అన్నాను. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. నాకు జాలేసింది.

మర్నాటి నుంచి ఆయన ఆమె ఎదురుగా కూర్చుని వేలితో నేర్పడం మొదలుపెట్టారు. పొట్టి అక్షరానికి మోకాలి మీద వేలు ఆనించాలి. దీర్ఘానికి వేలిని ముందుకు జరపాలి. ముక్క అయిపోగానే ఎత్తాలి. అంతా గుసగుసగానే. అలవాటు లేక ఆయనకు దగ్గు తన్నుకొచ్చేది, కేక వస్తుందేమోనని తువ్వాలు నోట్లో కుక్కుకునేవారు. వంటింట్లోంచి చూస్తూ నేను పడీపడీ నవ్వేదాన్ని. కానీ ఆమె పెదవి కదపకుండా, ఒక్క వేలే కదుపుతూ మాట మొత్తం చదివినప్పుడు నా కళ్లూ చెమర్చాయి.

వారం తిరిగింది. ఆమె నేరుగా ఆసుపత్రి నుంచే మా ఇంటికొచ్చింది.

"తీసుకున్నారన్నయ్యా!"

"ఎలా చదివావో చెప్పమ్మా," అన్నారు మామగారు.

"మంచం అంచు మీద వేలు జరుపుకుంటూ చదివాను. అక్కడ అందర్నీ నంబరుతోనే పిలుస్తారు కదా. ఒక పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నారు. చెవి దగ్గరికి వంగి పేరుపెట్టి పిలిచా. ఇటు తిరిగి నా చెయ్యి పట్టుకున్నారన్నయ్యా. వదల్లేదు."

మామగారు ఆమె వైపు వంగారు.

"గట్టిగా పిలవలేదు కదా?"

"లేదన్నయ్యా. ఆయనొక్కరికే వినపడేలా పిలిచాను."