మూసిన తలుపుల భయం నుంచి దేవుడు నన్ను విడిపించిన విధం

సహోదరులారా, చాలా కాలం నేను ఈ మందిరంలోకి రాలేకపోయాను. బయట చెప్పులు విడిచే చోట, వేపచెట్టు నీడలో కూర్చుని మీ పాటలు వినేవాణ్ణి. రత్నం తాగుడుకు అలవాటు పడ్డాడేమో, అందుకే సిగ్గుపడి లోపలికి రావడం లేదేమో అని మీలో కొందరు అనుకున్నారు. అది కాదు. నాకు తలుపులంటే భయం పట్టుకుంది.

అప్పట్లో నేను ఏటీఎంలకు నగదు తీసుకుపోయే వ్యానులో గన్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. మా డ్రైవర్ ఖాజా భాయ్ నాకు సొంత అన్న లాంటివాడు. ఒక ఎండాకాలం బేతంచెర్లలో, మాతో వచ్చిన, డబ్బు నింపే ఇద్దరూ ఏటీఎం లోపలికి వెళ్లగానే, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న నలుగురు తుపాకులతో వచ్చి మమ్మల్ని చుట్టుముట్టారు. నా తుపాకీ నా భుజం మీద నుంచి ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు. మమ్మల్ని వ్యానులోనే ఊరి బయట పాడుబడిన నాపరాళ్ల గనిలోకి తీసుకుపోయి, నగదు సంచులు అక్కడ దాచిపెట్టిన తమ జీపులోకి మార్చుకుని, ఖాజా భాయ్‌ని వ్యాను చక్రానికి కట్టేసి, నన్ను వెనక నగదు పెట్టే ఇనుప గదిలోకి తోసి తాళం వేసి వెళ్లిపోయారు.

ఆ చీకటిని ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఇనుము పెనంలా కాలుతోంది, ఊపిరి ఆడడం లేదు. కొంతసేపు తలుపు బాదాను, తర్వాత చేతులు లేవలేదు. బయట నుంచి ఖాజా భాయ్ గొంతు మాత్రం, బావి అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తోంది.

"రత్నమప్పా, పలుకు. నిద్దరపోవద్దు. నేను ఈడ దువా చేస్తాండా, నువ్వు ఆడ ప్రార్థన చెయ్యి."

"ప్రభువా, నన్ను ఈడనే ఇడిసిపెట్టొద్దు" అన్నాను. ఆ తర్వాత ఇనుప గోడలు పలచబడి తెల్లటి పొగమంచులా అయ్యాయి, ఎప్పుడో చనిపోయిన మా అమ్మ కోయిలకుంట్ల పక్క జొన్నచేలో నడుస్తూ కనిపించింది, ఆమె వెనకే నీళ్లు మెల్లగా పారుతూ వస్తున్నాయి, నా పాదాలు నిజంగానే చల్లబడ్డాయి. అది కలో, దర్శనమో నేను తేల్చి చెప్పలేను. మేకలు కాసే ఒకాయన ఖాజా భాయ్ కేకలు విని, పక్క గనుల్లో పనిచేసేవాళ్లను పిలుచుకొచ్చాడు. వాళ్లు గునపాలతో తాళం పగలగొట్టి నన్ను బయటికి లాగారు.

దొంగలు తర్వాత దొరికారు. కానీ నేను మాత్రం ఆ గదిలోనే ఉండిపోయాను. బస్సు ఎక్కితే చెమటలు, స్నానాల గదిలోకి పోతే ఊపిరి ఆగినట్టు ఉండేది. ఉద్యోగం మానేశాను. కర్నూలు డాక్టరు మాత్రలిచ్చాడు, వాటితో నిద్ర పట్టింది గానీ, ఆ నిద్ర కూడా వాకిట్లోనే. ఒకరోజు నా భార్య మార్తమ్మ ఇంటి తలుపును చట్రం నుంచి ఊడదీసి గోడకు ఆనించింది. దొంగలొస్తారని మా అత్త గొడవపడింది.

"ఎత్తకపోయేకి ఈ ఇంట్లో ఏముండాదమ్మా? నా మొగుడు లోపల పండుకుంటే నాకదే సాలు" అంది మార్తమ్మ.

ఆ దినం నుంచి ఇంట్లో పడుకున్నాను, కానీ మందిరం గడప దాటలేకపోయాను. ఒక ఆదివారం ఆరాధన సగంలో ఉండగా దుమ్ము లేచింది, వెంటనే పెద్ద వాన. మార్తమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు, నేను కళ్లు మూసుకున్నాను. వాన చప్పుడు, అయ్యగారి గొంతు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, నేను ఎక్కడున్నానో మరిచిపోయాను, ఎండిన నేల నీళ్లు తాగినట్టు నా గుండె మెల్లగా మెత్తబడింది. ప్రార్థన అయ్యాక కళ్లు తెరిచి చూస్తే, జల్లు పడుతోందని ఎవరో తలుపులు, కిటికీలు అన్నీ మూసేశారు. నేను లోపల ఉన్నాను. హాయిగా ఊపిరి తీసుకుంటున్నాను.

మార్తమ్మ నా ముఖమే చూస్తోంది. "తెరిపియ్యనా?" అని మెల్లగా అడిగింది.

"వద్దులే, పిల్లోళ్లు తడుస్తారు" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఈ మేలు చేసిన దేవునికే మహిమ కలుగును గాక. ఖాజా భాయ్‌ని ఆయన దీవించును గాక. నాలా లోపలికి రాలేక బయటే కూర్చున్నవారు మీలో ఉంటే, సిగ్గుపడకండి. చెప్పుల దగ్గర కూర్చున్న రోజుల్లో కూడా ఆయన నా పక్కనే ఉన్నాడని ఇప్పుడు నాకు తెలుసు. మీరున్న చోటు నుంచే పిలవండి. ఆయన వింటాడు.