క్లచ్చి లేని కారులో బీదర్‌కు

మా ఆయనకు ఎడమ మోకాలు వంగేది కాదు. బావిలో మోటారు చెడిపోతే బాగు చేద్దామని దిగి, మెట్టు జారి బండ మీద పడ్డాడు. హైదరాబాదు దవాఖానలో ఎముక అతికించారు. అతికింది, కానీ కాలు కట్టెలాగా బిగుసుకుపోయింది. అంతకు ముందు మాకొక పాత జీపు ఉండేది. న్యాల్‌కల్ వైపున్న మా మెట్ట చెలకలకు పోవాలన్నా, కోహీరులో పని ఉన్నా తనే నడుపుకుని పోయేవాడు. ఆ కాలుతో క్లచ్చి తొక్కలేడు కాబట్టి జీపు అమ్మేశాం.

ఆ తర్వాత ఆయన వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. దారిన పోయే ప్రతివాడినీ ఎక్కడికి పోతున్నావని అడిగేవాడు. కూరలో ఉప్పు గురించి, కోళ్ల గురించి, తలుపు గడియ చప్పుడు గురించి నాతో పోట్లాడేవాడు. అదంతా భరించవచ్చు. భరించలేనిది వేరే ఉంది. మా జీతగాళ్లు ఆయన మంచం పక్కనుంచే లోపలికి వచ్చి, జొన్న ఎప్పుడు కోయాలో, అల్లం ఎప్పుడు తవ్వాలో నన్ను అడిగేవారు. నేను ఆయన వైపు చూసేదాన్ని. ఆయన గోడ వైపు చూసేవాడు. చెలకలు చూసి రాని మనిషి మాట ఎవరికి కావాలి?

మా తమ్ముడు బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. వాడొక రోజు వచ్చి చెప్పాడు.

"అక్కా, బావకు పనికొచ్చే కారొకటి ఉన్నది. దానికి క్లచ్చే లేదు. ఒక్క కుడికాలు చాలు."

"క్లచ్చి లేకుంటే గేరెట్ల పడ్తదిరా?"

"దానంతట అదే పడ్తది."

"దానంతట అదే పడేది పిడుగు. పో, నీ పని చూస్కో" అన్నాను.

నా మాట ఎవరూ వినలేదు. హైదరాబాదులో ఒక పెద్ద ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర నుంచి ఆ కారు మా జహీరాబాదుకు వచ్చింది. విదేశీ కారు, నల్లది, మా సందులో మలుపు తిరగనంత పొడుగు. లోపల తోలు సీట్లు. నేను వాటి మీద పాత దుప్పట్లు పరిచాను. వెనక డిక్కీలో ఆలుగడ్డ సంచులు పడతాయని తెలిశాక దాని మీద నా కోపం కొంచెం తగ్గింది. ఖాళీగా మాత్రం ఎక్కడికీ పోనిచ్చేదాన్ని కాదు. పోయేటప్పుడు విత్తనం, వచ్చేటప్పుడు ఏదో ఒక కాయ, ఏదీ లేకపోతే పొయ్యిలోకి కంది కట్టె.

మా ఆయన ఆ ఎడమకాలును పక్కకు చాపి, కుడికాలుతోనే నడిపేవాడు. స్టీరింగు కింద ఒక కడ్డీ ఉండేది. దాన్ని కిందికి లాగితే కారు కదిలేది. గేరు మారినప్పుడల్లా వీపును ఎవరో మెల్లగా నెట్టినట్టు ఉండేది. వారం తిరక్కుండానే జీతగాళ్లు మళ్లీ ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. మంచం ఎత్తి గోడకు ఆనించాను.

మా చుట్టుపక్కల అలాంటి కారు ఇంకొకటే ఉండేది, బీదరులో ఒక బెల్లం సావుకారు దగ్గర. ఆయన మా ఊరికి వస్తే ముందు మా ఇంటికే. ఇద్దరూ కారు ముందర తలకాయలు పెట్టుకుని, కోడళ్ల గురించి అత్తలు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు.

"మాది పొద్దుపొద్దున జర మొండికేస్తది పటేలా. మీదెట్ల?" అనేవాడు సావుకారు.

"మాది మంచిగనే లేస్తది గని, మూడో గేరుకు పోయేటప్పుడు ఒక ఝట్కా ఇస్తది."

"అది ఆయిలు తక్కువైతే. ఇంజన్ నడుస్తుండగనే ఆయిలు పుల్ల తీసి చూడాలె, బంద్ చేసి చూస్తే లెక్క తప్పుతది. ఇంగొకటి యాదిపెట్టుకో. ఎక్కడన్న ఆగిపోతే తాడు కట్టి గుంజనియ్యకు. గుంజితే గేరు ఖతం."

ఆ కాలంలోనే పెట్రోలు ధర పెరిగింది. మా తాలూకాలో బండి ఉన్న ప్రతివాడికీ ఒక అలవాటు ఉండేది. దిగుడు వస్తే చాలు, తాళం తిప్పి ఇంజను ఆపేసి, బండిని ఊరకనే కిందికి వదిలేవారు. లారీలు, టాక్సీలు, ఆఖరికి బస్సు కూడా. మా తమ్ముడు ఏ దిగుడులో ఎంత దూరం పెట్రోలు చుక్క లేకుండా పోవచ్చో చెప్పి గొప్పలు పోయేవాడు. మా ఆయన కూడా చిరాగ్‌పల్లి వైపైనా, కోహీరు దారిలోనైనా, దిగుడు కనపడగానే ఇంజను ఆపేవాడు. కారు గాలిలో పోతున్నట్టు చప్పుడు లేకుండా పోయేది. పొదుపు కదా, నాకూ బాగానే ఉండేది.

రెండేళ్లో, అంతకు ఎక్కువో గడిచాయి. ఒక పొద్దున ఆయన కడ్డీ లాగితే కారు వెంటనే కదలలేదు. ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, తర్వాత కదిలింది. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు. ఎండాకాలం వచ్చేసరికి ఎక్కుడు తగిలితే ఇంజను అరిచేది, కారు మాత్రం ముందుకు పోయేది కాదు. ఆయన నన్ను తప్ప మిగతావాళ్లను ఎక్కించుకోవడం మానేశాడు. ఎవరైనా వస్తామంటే, "ఇయ్యాల అటు దిక్కు పోతలేను" అనేవాడు.

మా ఊళ్లో ఆ గేర్‌బాక్స్ విప్పే మనిషి లేడు. హైదరాబాదులో ఎవరో ఇలాంటిదే విప్పి, మళ్లీ బిగించలేక గంపలో పోసి ఇచ్చారని మా తమ్ముడు చెప్పాడు. ఆ మాట విన్న సాయంత్రం మా ఆయన గోడకు ఆనించిన మంచం వైపు చాలాసేపు చూశాడు. నేను దాన్ని తీసి లోపలి గదిలో వేశాను.

అప్పుడు సావుకారు నుంచి కబురు వచ్చింది. ఆయన కారును లారీ గుద్దింది. మనుషులకు ఏమీ కాలేదు, ముందు భాగం నుజ్జయింది. గేర్‌బాక్స్ మాత్రం బాగుంది. బొంబాయి నుంచి ఒకడు రేపు సాయంత్రానికి వచ్చి అంతా కొనుక్కుపోతానన్నాడు. అంతకు ముందే కారు తెచ్చుకుంటే, బీదరులోనే తన మిస్త్రీతో ఆ గేర్‌బాక్స్‌ను మా కారుకు వేయిస్తానని సావుకారు మాట.

"కారెట్ల పోతది ఆడిదాంక?" అన్నాను.

"పోతది."

"బీదర్ కాడ ఎక్కుడున్నది గద."

"తెల్వదా నాకు? వస్తే రా, లేకుంటే ఇంట్ల ఉండు."

మర్నాడు పొద్దున కారెక్కాను. ఆ రోజు డిక్కీలో ఏమీ పెట్టలేదు. బరువని.

చదునైన దారంతా ఎలాగో పోయాం. ఆయన కుడికాలును పెడలు మీద గుడ్డు పెట్టినట్టు పెట్టి నడిపాడు. ఎక్కుడు సగం దాకా వచ్చాక ఇంజను ఒక్కసారి గొంతు చించుకుంది. కారు ఆగింది. ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆయన బ్రేకు తొక్కాడు. నేను దిగి రెండు వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాను. ఇంజను మూత ఎత్తితే మాడిన బెల్లం పాకం వాసన వచ్చింది.

చెరుకు దింపుకుని ఖాళీగా పోతున్న ట్రాక్టరొకటి మా పక్కన ఆగింది.

"ఏంది పెద్దాయినా, కారు ఇంతున్నది, దమ్ము లేదా? తాడున్నది, గుంజుత పా."

"వద్దు."

"పైస అడుగుతలేనే! బీదర్ దాంక ఊరికెనే గుంజుత."

"వద్దన్న గద" అన్నాడు మా ఆయన.

"అయితే ఈడనే కూసోండ్రి ఇద్దరు. సాయంత్రానికి చాయ్ పంపుత" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇంజను చల్లారాక మళ్లీ ప్రయత్నించాం. నాలుగు బారలు పోయింది, మళ్లీ జారింది. మా ఆయన స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. తర్వాత తల ఎత్తి, "ఎనక గేరు చూద్దాం" అన్నాడు.

"ఎనక్కి పోతే ఇంటికే పోతం."

"కారు ముఖం తిప్పుకొని, ఎనక్కి ఎక్కుదాం."

నాకు మొదట అర్థం కాలేదు. నాతో రాళ్లు తీయించి, బ్రేకు మీద కారును కిందికి జారనిచ్చి, ఒక బండ్ల బాటలోకి దాని వెనక భాగాన్ని దించాడు. అక్కడ నుంచి దిగుడు వైపు ముఖం పెట్టి రోడ్డు మీదికి తెచ్చాడు. అప్పుడు వెనక గేరు వేశాడు. కారు ఒక్క కుదుపుతో, దున్నపోతు లాగినట్టు, పైకి కదిలింది.

అయితే ఆయన వెనక్కి చూడలేడు. ఆ బిగిసిన కాలుతో నడుము తిరగదు. నేను వెనక సీటు మీద మోకాళ్ల మీద కూర్చుని, వెనక అద్దంలోంచి చూస్తూ దారి చెప్పాలి. మొదట "కుడికి" అన్నాను. ఆయన తన కుడికి తిప్పాడు. నేను అటు తిరిగి కూర్చున్నానని ఇద్దరికీ తోచలేదు. చక్రం రోడ్డు అంచు దాటింది, కంకర కిందికి రాలింది. ఆ పక్క పల్లం.

"గుట్ట దిక్కు! గుట్ట దిక్కు తిప్పు!" అని అరిచాను.

తిప్పాడు. అప్పటి నుంచి కుడి ఎడమలు వదిలేశాం. గుట్ట దిక్కు, పల్లం దిక్కు. అవి రెండే మాటలు.

"జర గుట్ట దిక్కు. చాలు. సీదా. సీదా రాని. పల్లం దిక్కు, కొంచమే."

పై మలుపులో లారీ కనపడింది. మా మీదికే దిగుతోంది. చప్పుడు లేదు. వాడు కూడా ఇంజను ఆపేసి వదిలాడు.

"లారీ వస్తున్నది. ఆపు!"

"ఆపితే మల్ల ఎక్కది. ఆనికి చెప్పు!"

నేను కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, కొంగు విప్పి ఊపాను. నా జన్మలో నలుగురిలో కొంగు విప్పింది అప్పుడే. లారీ బ్రేకులు కీచుమన్నాయి. అది గుట్టకు రాసుకుంటూ ఆగింది. మేము పల్లం అంచున, దాని పక్క నుంచి వెనక్కి పాకుతూ పోయాం. డ్రైవరు తల బయటపెట్టి చూశాడు.

"ఏందమ్మా, ఇంటికి పోబుద్ధి కాక ఎనక్కి పోతున్రా?"

"నువ్వు ముందు చూస్కొని నడుపు నాయినా" అన్నాను.

పైకి ఎక్కాం. సమంగా ఉన్న చోట కారు ముఖం తిప్పుకుని, నడిచే మనిషి వేగంతో బీదరు సావుకారు ఇంటికి చేరాం. బొంబాయి మనిషి ఇంకా రాలేదు. మా ఆయన స్టీరింగు వదలడానికి వేళ్లు ఒక్కొక్కటి విప్పుకోవాల్సి వచ్చింది.

సావుకారు నూనె చూసే పుల్ల తీశాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె కాటుకలాగా ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏం చేసినవ్ పటేలా దీన్ని? గుంజిచ్చినవా?"

"లేదు. నువ్వు చెప్పినంక తాడు ముట్టనియ్యలే."

"మరి దిగుడుల ఎట్ల పోతవ్?"

"అందరు పోయినట్టే. ఇంజన్ బంద్ చేసి."

సావుకారు ముఖం ఎర్రబడింది. "అరే! ఇంజన్ నడిస్తేనే ఈ గేరుకు లోపల నూనె అందుతది. నువ్వు బంద్ చేస్తివి, చక్రాలేమో తిరుగుతనే ఉండె. ఎండల నీళ్లు ఇయ్యకుండ ఎద్దును ఉరికిచ్చినట్టే గద! తాడుతోటి గుంజుడు వేరా, ఇది వేరా?"

"ఈ మాట ముందుగాలనే ఎందుకు చెప్పలే?" అన్నాను నేను.

"ఇంత పెద్ద కారు కొన్నోడు చారెడు పెట్రోలుకు ఇంజన్ బంద్ చేస్తడని నాకేమెరుక అక్కా!" అని, పుల్ల తుడిచి లోపల పెట్టేశాడు. "నా గేర్‌బాక్స్ నేనియ్య. మీకిస్తే అది గూడ చస్తది. బొంబాయోడైతే మంచిగ చూస్కుంటడు."

మా ఆయన కర్ర తీసుకుని, ఆ బిగిసిన కాలు ఈడ్చుకుంటూ పోయి సావుకారు అరుగు మీద కూర్చున్నాడు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు తెలుసు.

నేను సావుకారు ముందుకు వెళ్లాను. "అన్నా, ఇనుండ్రి. నేను పిసినారిదాన్నే. జహీరాబాదుల ఎవరినడిగినా చెప్తరు. గని లెక్క తెల్వనిదాన్ని కాదు. పెట్రోలు పోతే పోయింది, పెట్రోలే. ఆ మనిషి అట్ల కూసుంటే నాకేమేం పోతదో మీకు తెల్వది. ఇగ దిగుడుల ఇంజన్ బంద్ గాదు. నేను పక్కన కూసుంట. నా మాట."

"దిగుడొస్తె నీకు పానం ఊకుంటదా అక్కా?"

"ఊకోదు. అయినా నోరు మూస్కుంట."

సావుకారు నన్ను చూశాడు. అరుగు మీది మనిషిని చూశాడు. తర్వాత కన్నడంలో ఏదో గొణుక్కుంటూ మిస్త్రీని కేకేశాడు. సాయంత్రం బొంబాయి మనిషి వస్తే సీట్లూ చక్రాలూ మాత్రమే దొరికాయి.

పని పూర్తయ్యేదాకా సావుకారు ఇంట్లోనే ఉన్నాం. ఆయన భార్యతో కలిసి నేను జొన్నరొట్టెలు చేశాను, ఊరికే తినలేక. మా ఆయన మాత్రం మిస్త్రీ పక్కనే స్టూలు వేసుకుని, కాలు చాపి కూర్చునేవాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం కారును దిమ్మెల మీద నుంచి కిందికి దించారు. ఆయన ఎక్కి, ఇంజను పెట్టి, కడ్డీ లాగాడు. కారు ఆలోచించుకోలేదు. వెంటనే కదిలింది.

నేను ఎక్కుదామని తలుపు దగ్గరికి పోయేలోపే అది గేటు దాటింది. ఎటు పోయాడో తెలియదు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి సావుకారు వచ్చి నిలబడ్డాడు, తర్వాత ఆయన భార్య. చాయ్ తెచ్చి ఇస్తే చేతిలోనే చల్లారింది. మళ్లీ ఆగిపోయిందేమో, ఏ మలుపులో జారిందో అని రోడ్డు చివర చూస్తూనే ఉన్నాను.

చాలాసేపటికి వచ్చాడు. నా పక్కన ఆపి, లోపలి నుంచి చెయ్యి చాపి తలుపు తెరిచాడు.

"ఏడికి పోయినవ్?" అన్నాను.

"ఏడికి లేదు. ఊకెనే ఊరంత తిరిగొచ్చిన."

ఒక్క సంచి లేదు, ఒక్క పని లేదు, పెట్రోలు కాల్చి ఊరకనే తిరిగి వచ్చాడు. పెట్రోలు మాట నోటి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, కప్పు సావుకారు భార్య చేతిలో పెట్టి కారెక్కాను.