కొమ్మ వదలమన్నాను

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన స్టవ్ ఆపానంటే వెళ్ళి చూస్తాను. కారు లాక్ చేశానంటే వెనక్కి వెళ్ళి హ్యాండిల్ లాగుతాను. ఆయన నవ్వి ఊరుకుంటారు.

ఇన్నేళ్ళూ వాయిదా వేస్తూ వచ్చిన బాప్తిస్మానికి ఆయన ఒప్పుకున్నారని పాస్టరుగారు చెప్పినప్పుడు కూడా, సంతోషించాల్సింది పోయి, నాకు నది మీద అనుమానం వచ్చింది. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా తెలుగు చర్చి సంఘం బాప్తిస్మాలు వేసవిలో నదిలోనే ఇప్పిస్తుంది. నేనొక్కదాన్నే ముందుగా డ్రైవ్ చేసుకెళ్ళి ఆ చోటు చూసొచ్చాను. పైకి నిమ్మళంగానే ఉంది. ఒక ఎండుటాకు వేశాను. కాసేపు తీరిగ్గా కదిలి, ఉన్నట్టుండి ఎవరో లాక్కున్నట్టు పోయింది. దిగువన, నది మధ్యలో, కొట్టుకొచ్చిన చెట్టొకటి ఇరుక్కుని ఉంది. ఆకు ఆ కొమ్మల్లోకి దూరింది. మళ్ళీ కనబడలేదు.

పాస్టరుగారికి ఫోన్ చేశాను. "ప్రతి సమ్మర్ అక్కడే చేస్తున్నాం కదమ్మా, దేవుడున్నాడు," అన్నారు. దేవుడి మీద నాకు అనుమానం లేదు, ఆ చెట్టు మీదే.

ఊళ్ళో రెస్క్యూ వాలంటీర్లు నదిలో పడ్డవాళ్ళకి తాడు వెయ్యడం నేర్పుతున్నారని తెలిసి వెళ్ళాను. తాడంతా ఒక సంచిలో కూరి ఉంటుంది. కొస చేత్తో పట్టుకుని సంచిని విసరాలి. నేర్పినావిడ ఒకటే మాట పదేపదే చెప్పింది: తాడు చేతికి చుట్టుకోవద్దు, నడుముకి కట్టుకోవద్దు. కట్టుకున్న మనిషిని ప్రవాహం కిందికి తొక్కేస్తుంది, ముడి విప్పుకునే వీలుండదు. తాడు అందినవాళ్ళు దాన్ని గుండెలకి ఆనించుకుని వెల్లకిలా పడుకుంటే, ఆ ప్రవాహమే వాళ్ళని ఒడ్డుకి తిప్పుతుంది. నాకు నమ్మకం కుదరలేదు. ముడి లేకుండా, వట్టి చేతులకి ప్రాణం అప్పగిస్తారా? నన్నే నీళ్ళలోకి దింపి లాగి చూపించారు. బయటికొచ్చాక కూడా సగమే నమ్మాను.

బాప్తిస్మం రోజున అందరూ పాట పాడుతుంటే నేను దిగువన, ఆ చెట్టుకి ఎదురుగా, తాడు సంచితో నిలబడ్డాను. "ఏంటమ్మా ఆ బ్యాగు? విశ్వాసం లేదా?" అంది ఒక పెద్దావిడ, నన్ను ఎగాదిగా చూస్తూ.

పాస్టరుగారు మా ఆయన్ని ముంచి లేపారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. అంతే, కాలు జారింది. పాస్టరుగారి చేతికి దొరికిన చొక్కా చెయ్యి కూడా జారిపోయింది. కొట్టుకుపోతూ మా ఆయన ఆ చెట్టుకి ఒడ్డువైపున్న కొమ్మ కొస పట్టుకున్నారు. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి.

సంచి విసిరాను. తాడు ఆయన భుజం మీదే పడింది. ఒక చేత్తో అందుకున్నారు గానీ రెండో చెయ్యి కొమ్మ మీదే ఉంది.

"తాడు నా నడుముకి కట్టమ్మా, నేను దిగుతా!" అంటూ సంఘంలో పెద్దాయన ఒకరు పరిగెత్తుకొచ్చారు.

"వద్దంకుల్! నన్ను వెనకనుంచి పట్టుకోండి," అంటూ మడమలు నేలకి తన్నిపెట్టి కూర్చున్నాను.

"కొమ్మ వదిలెయ్యండి! వెల్లకిలా పడుకోండి!" అని అరిచాను.

ఆయన వదల్లేదు. నావైపే చూస్తున్నారు.

"గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నా!"

"షూరా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం మీదికొస్తే ఇప్పుడా అనుమానం! "షూర్! నన్ను నమ్మండి!" అని గొంతు చించుకున్నాను.

వదిలారు. ఆ బరువుకి నేను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ముందుకి ఈడ్చుకుపోయాను. అంకుల్ నా భుజాలు వదల్లేదు. తాడు బిగిసింది. మా ఆయన మెల్లగా ఒడ్డువైపు తిరిగి, మోకాలి లోతు నీళ్ళలోకొచ్చి పడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో హీటర్ వేసి అడిగాను. "అంతసేపు ఎందుకు చూస్తూ ఉండిపోయారు? భయమేసిందా?"

"భయం కాదు. పెళ్ళయినప్పట్నుంచీ నా మాట ఒక్కటీ నమ్మలేదుగా నువ్వు. మరి నీ మాట ఎలా నమ్మాలా అని," అన్నారు నవ్వుతూనే.

నాకు నవ్వు రాలేదు. ఇల్లు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

అపార్ట్‌మెంట్ ముందు దిగాం. కారు లాక్ చేశానన్నారు. నేను తడి తాడు సంచి చంకన పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఆయన కిందే ఆగిపోయారు.

"ఏంటి, చూడవా?" అన్నారు అనుమానంగా.

"మీరు చేశారుగా," అన్నాను.